సేవాసంస్థ రోడ్డెక్కొచ్చా? సొసైటీలు, ట్రస్టులు ఉద్యమం చేస్తే చిక్కు ఎక్కడ?

#1 కొత్త_కార్యదర్శి
అందరికీ నమస్కారం. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ ఊళ్ళలో పనిచేసే ఒక సొసైటీ గురించి అడుగుతున్నాను. 2001 సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషన్, 12ఏబీ, 80జీ, ఎఫ్‌సీఆర్‌ఏ అన్నీ ఉన్నాయి (సంస్థకు పన్ను మినహాయింపు, దాతలకు పన్ను రాయితీ, విదేశీ విరాళాలకు అనుమతి, వరుసగా). చేసేది నీటి పరీక్షలు, ఫిల్టర్లు, ఎముకల డాక్టర్ల శిబిరాలు. కమిటీలో ఇప్పుడు రెండు మాటలు నడుస్తున్నాయి. నల్లా ఆగిన ప్రతిసారీ జనం మళ్ళీ బోరు నీళ్ళే తాగుతున్నారు కాబట్టి సరఫరా తెగకుండా ఉండాలని పాదయాత్ర చేద్దాం, కలెక్టరేట్ ముందు కూర్చుందాం అని కొందరు. అది రాజకీయం, రిజిస్ట్రేషన్ పోతుంది అని మిగతావాళ్ళు. ఎవరి మాట సరైంది? చట్టం ఒక్కటే కాదు, అసలు సేవాసంస్థ ఇలా చేయొచ్చా అన్నది కూడా చెప్పండి.

#2 ఎదురు_ప్రశ్న
నా ఓటు "వద్దు"కే. దాత ఫిల్టరు కోసం డబ్బిచ్చాడు. 80జీ కింద పన్ను మినహాయింపు తీసుకున్నాడు, అంటే అందులో కొంత ఖజానాకు రావాల్సిన సొమ్ము. ఆ సొమ్ముతో కార్యదర్శి గారి అభిప్రాయాలకు బ్యానర్లు కట్టడమేమిటి? ఉద్యమం చేయాలంటే ఉద్యమసంస్థ పెట్టుకోండి, పార్టీ పెట్టుకోండి. ఇంకో మాట. ఊరి తరఫున మాట్లాడమని మీకు చెప్పిందెవరు? సర్పంచి ఓట్లతో వచ్చాడు. మీ కమిటీలో ఏడుగురు ఒకరినొకరు ఎన్నుకున్నారు.

#3 బారు_రూము
ముందు చట్టం చూద్దాం, నీతి తర్వాత.

దేశంలో సొసైటీ గానీ ట్రస్టు గానీ ప్రభుత్వాన్ని అడగకూడదని ఏ చట్టమూ అనలేదు. చిక్కంతా విదేశీ డబ్బు దగ్గర. ఎఫ్‌సీఆర్‌ఏ 2010 సెక్షన్ 3 ప్రకారం అభ్యర్థులు, ప్రజాప్రతినిధులు, పార్టీలు, "రాజకీయ స్వభావం గల సంస్థలు" విదేశీ విరాళం తీసుకోకూడదు. ఆ రాజకీయ స్వభావం ఏమిటో 2011 రూల్స్‌లో 3వ రూలు చెప్పింది. అందులో (vi) చదివితే ఎవరికైనా గుండె జారుతుంది: ప్రజాసమస్యల కోసం బంద్, హర్తాళ్, రాస్తారోకో, రైల్ రోకో, జైల్ భరో లాంటివి అలవాటుగా చేసే ఏ సంస్థయినా రాజకీయ సంస్థే.

దీన్ని ఇండియన్ సోషల్ యాక్షన్ ఫోరం సుప్రీంకోర్టుకు తీసుకెళ్ళింది. 2020 మార్చి 6న తీర్పు. రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు. రూలును కొట్టేయలేదు, అర్థాన్ని కుదించారు. రాజకీయ లక్ష్యం లేకుండా తమ హక్కుల కోసం ఆందోళన చేసే జనానికి అండగా నిలిచినంత మాత్రాన రాజకీయ సంస్థ అని ముద్ర వేయకూడదు. క్రియాశీల రాజకీయాల్లో, పార్టీ రాజకీయాల్లో ఉన్నవాళ్ళకే ఆ మాట వర్తిస్తుంది. అదే ఏడాది నవంబరులో రూల్స్‌లో కూడా ఆ ముక్క చేర్చారు.

కాబట్టి కలెక్టరేట్ ముందు కూర్చున్నంత మాత్రాన రిజిస్ట్రేషన్ పోదు. పోయేది వేరే కారణాలకి. అవి లెక్కల_పద్దు గారు చెబితే బాగుంటుంది.

#4 లెక్కల_పద్దు
చెబుతాను. ఉద్యమం చేసి మునిగిన సంస్థలకంటే ఉద్యమం ఖర్చును తప్పు పద్దులో రాసి మునిగినవే ఎక్కువ.

ఒక వోచరు తీసుకుందాం. "షామియానా, కుర్చీలు, మైకు, నీళ్ళ క్యాన్లు, 14,500, నగదు." ఇందులో రెండు తప్పులు. ఒకటి, ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ట్రస్టులకు కూడా 40ఏ(3) వర్తిస్తుంది. ఆ మొత్తం సేవకు ఖర్చుచేసినట్టు లెక్కలోకి రాదు, ఏటా ఆదాయంలో 85 శాతం సేవకు ఖర్చుపెట్టాలన్న గీతలో అంత తగ్గుతుంది. రెండు వోచర్లుగా చింపి రాసినా అదే రోజయితే కలిపే చూస్తారు. రెండో తప్పు ఇంకా పెద్దది. దాని మీద "గ్రామ ఆరోగ్య శిక్షణ" అని రాసి ఉంటుంది. ధర్నాను శిక్షణ అని రాయడం ఎందుకు? ధర్నా మీ ఆశయాలకు లోబడి ఉంటే ధర్నా అనే రాయండి. లోబడి లేకపోతే ఏ పేరు రాసినా గట్టెక్కించదు. అసలు ఖర్చు సమర్థించుకోదగ్గదే అయినా, అబద్ధపు పద్దు దొరికాక దాన్ని ఎవరూ సమర్థించలేరు.

ఆశయాల నిబంధన చూసుకోండి. "ఫ్లోరోసిస్ బాధితులకు వైద్యసహాయం" అని మాత్రమే ఉంటే పాదయాత్ర దానికి దూరం. "సురక్షిత తాగునీటి మీద ప్రజల్లో అవగాహన, సంబంధిత విధానాలపై ప్రభుత్వానికి వినతులు, పరిశోధన, న్యాయసహాయం" అని ఉంటే దగ్గర. మార్చాలంటే సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం, రిజిస్ట్రార్ దగ్గర నమోదు. మార్పు జరిగిన 30 రోజుల్లో ఆదాయపు పన్నుకు 10ఏబీ ఫారంలో మళ్ళీ దరఖాస్తు. ఇది మరిచిపోయి 12ఏబీకే ఎసరు తెచ్చుకునేవాళ్ళున్నారు. ఎఫ్‌సీఆర్‌ఏ ఉంటే ఎఫ్‌సీ-6బీ కూడా.

నేను చెప్పే సెక్షన్లన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో నంబర్లు వేరు, మీ ఆడిటరును అడిగి సరిచూసుకోండి.

#5 పెన్నా_ఒడ్డు
ఎదురు_ప్రశ్న గారూ, సేవ వేరు ఉద్యమం వేరు అని గీత గీసే ముందు నెల్లూరు వైపు ఒకసారి చూడండి.

1991 ప్రాంతంలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిపింది జిల్లా సాక్షరతా సమితి. కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే రిజిస్టర్డ్ సొసైటీ. ఆశయం చదువు చెప్పడం, అంతకంటే సాత్వికమైన పని ఉండదు. వాచకంలో సారా మీద ఒక పాఠం పెట్టారు, ఆడవాళ్ళంతా ఒక్కటై ఊళ్ళో సారా కొట్టు మూయించిన కథ. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి అదే పని చేశారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారనుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు చెప్పండి, గీత ఎక్కడ గీస్తారు? వాచకం అచ్చేసిన ఖర్చు సేవ, ఆ వాచకం చదివి వేలంపాట ఆపడం రాజకీయమా? చదువు రావడమంటే తన ఊళ్ళో ఏం జరుగుతోందో చదవగలగడమే కదా.

#6 ఎదురు_ప్రశ్న
బాగుంది, కానీ అక్కడ వేలంపాట ఆపింది సొసైటీ కాదు, ఊరి ఆడవాళ్ళు. సొసైటీ పాఠం చెప్పింది, అంతే. నేనూ అదే అంటున్నా. మీరు నీళ్ళ పరీక్ష చేసి ఫలితం ఊరికి చెప్పండి. అడగాలో వద్దో ఊరు తేల్చుకుంటుంది.

#7 మన్యంగాలి
అన్నా, ఆ మాటలో బలముంది, కాదనను. కానీ ఊరు అడగలేని చోట్లు కూడా ఉన్నాయి కదా.

విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం, బొర్రా పంచాయతీ. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. అయినా గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు వెళ్ళాయి. ఆ చట్టంలోని "వ్యక్తి" కిందకు ప్రభుత్వం కూడా వస్తుందా రాదా, అంటే ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందా అన్నది అక్కడ ప్రశ్న. కొండమీద ఊరు ఈ ప్రశ్నతో సుప్రీంకోర్టు దాకా తనంతట తాను వెళ్తుందా? సమతా అనే సంస్థ వెళ్ళింది. హైకోర్టులో ఓడి, 1997 జూలైలో సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని, తవ్వితే ప్రభుత్వ సంస్థో గిరిజన సహకార సంఘాలో తవ్వాలని తీర్పు. తర్వాత దేశంలో ఏ గిరిజన ప్రాంతంలో గనుల గొడవ వచ్చినా సమతా తీర్పు అనే అంటారు.

దుప్పట్లు పంచే సంస్థగా ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. ఊరు లేచిపోయాక దుప్పటి ఎవరికి కప్పుతారు?

"చెప్పిందెవరు" అన్న ప్రశ్న మాత్రం వదిలెయ్యకండి. దానికి జవాబు కాగితం మీద ఉండాలి. గ్రామసభ తీర్మానం నకలు, సంతకాలు, వేలిముద్రలు, తేదీ. లేకపోతే అవతలివాళ్ళు ఒక్క రోజులో "మాకు గనే కావాలి" అని ఇంకో యాభై సంతకాలు తెస్తారు.

#8 డాలస్_తెలుగు
ఇక్కడి పద్ధతి చెబుతాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. అమెరికాలో తెలుగు సంఘాలు చాలావరకు 501(సి)(3), అంటే పన్ను మినహాయింపున్న సేవాసంస్థలు. అభ్యర్థికి అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ఒక్క డాలరు పెట్టకూడదు, 1954 నుంచీ అదే నిషేధం. చట్టాలు మార్చమని అడగడానికి మాత్రం కొలత ఉంది. 5768 ఫారం నింపి 501(హెచ్) ఎంచుకుంటే, ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్లకు 20 శాతం దాకా లాబీయింగు చేయొచ్చు. ఆపైన శాతం తగ్గుతూ పోతుంది, ఎంత పెద్ద సంస్థకైనా 10 లక్షల డాలర్లే గరిష్ఠం. ఫారం నింపకపోతే "గణనీయమైన భాగం కాకూడదు" అన్న పాత మాట వర్తిస్తుంది. గణనీయం అంటే ఎంతో తేలక అందరూ బిక్కుబిక్కుమంటూ ఉంటారు.

నా ప్రశ్న: ఇక్కడినుంచి మన ఊరి సొసైటీకి పంపే డబ్బు విదేశీ విరాళమేనా?

#9 లెక్కల_పద్దు
పంపేవాళ్ళ పాస్‌పోర్టును బట్టి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ మూలమే. ఇక సంఘం ఖాతాలోంచి వస్తే, అందులో సభ్యులంతా భారత పౌరులే అయినా, అది విదేశీ సంస్థ. కాబట్టి దాత దగ్గర పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు తీసుకోండి. మొహమాటపడొద్దు. "మా బావమరిదే కదా" అని ఊరి ఖాతాలో వేసుకున్న 50 వేలు మొత్తం ఖాతాను ఇరుకున పెడుతుంది.

విదేశీ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి, సంసద్ మార్గ్ ఖాతాలోనే పడాలి. దాని మీద వచ్చే వడ్డీ కూడా విదేశీ డబ్బే.

#10 బారు_రూము
2020 సెప్టెంబరు 29న అమల్లోకి వచ్చిన ఎఫ్‌సీఆర్‌ఏ సవరణ గురించి కూడా చెప్పాలి, ఉద్యమాలకు అసలు దెబ్బ అక్కడే తగిలింది. సెక్షన్ 7 కింద ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. అంతకుముందు ఒక పెద్ద సంస్థ తెచ్చి పది చిన్న సంఘాలకు పంచేది. మండల స్థాయిలో సర్వే చేసేవాళ్ళు, కోర్టుకు కాగితాలు మోసేవాళ్ళు అలా బతికారు. ఆ గొలుసు తెగింది. దాంతోపాటు పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి దిగింది. లాయరు ఫీజులు ఆ పరిపాలన ఖర్చులోకే వస్తాయి. అంటే ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే అది కూడా ఆ 20లోనే ఇమడాలి. ఉద్యమం చేయొద్దని ఎక్కడా రాయలేదు, కానీ దానికయ్యే ఖర్చు తూములు బిగించారు. ఈ సవరణలను 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చాలావరకు సమర్థించింది.

#11 పెన్నా_ఒడ్డు
ఎదురు_ప్రశ్న గారి మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు, పన్ను మినహాయింపు గురించి. ఒక లెక్క చూడండి. సేవాసంస్థకు 10,000 ఇస్తే 80జీ కింద మామూలుగా 5,000 మినహాయింపు. రాజకీయ పార్టీకి అదే 10,000 ఇస్తే 80జీజీసీ కింద పదివేలకు పదివేలూ మినహాయింపు. కంపెనీ ఇస్తే 80జీజీబీ, అదీ నూటికి నూరు. పార్టీ అభిప్రాయానికి ఖజానా పూర్తి రాయితీ ఇస్తోంది, ఫ్లోరైడ్ బాధితుల అభిప్రాయానికి సగం ఇస్తే తప్పా?

విదేశీ డబ్బు సంగతీ అంతే. 2016, 2018 ఆర్థిక చట్టాలతో విదేశీ మూలం నిర్వచనం సవరించి, 1976 ఆగస్టు 5 నుంచే వర్తించేలా వెనక్కి జరిపారు. విదేశీ వాటాలున్న కంపెనీల విరాళాలు తీసుకున్న పార్టీలు దాంతో ఒడ్డెక్కాయి.

#12 ఎదురు_ప్రశ్న
పార్టీలకిచ్చే రాయితీ కూడా తప్పే అంటాను, కాబట్టి ఆ వాదన నన్ను కదిలించదు. మన్యంగాలి గారి గ్రామసభ కాగితం మాట మాత్రం ఒప్పుకుంటున్నా. అది ఉంటే నా సగం అభ్యంతరం పోతుంది. మిగతా సగం దాతది. ఫిల్టరు కోసం అని రాసి ఇచ్చిన డబ్బు ముట్టుకోకండి. రసీదు మీదే రెండు గళ్ళు పెట్టండి, "సేవలు", "అవగాహన, వినతులు". దాత టిక్కు పెట్టుకుంటాడు.

#13 లెక్కల_పద్దు
గళ్ళ ఆలోచన బాగుంది. దానికి తగ్గట్టు పుస్తకంలో కూడా రెండు నిధులు నడపాలి. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) డబ్బయితే ఒప్పందంలోని పనికే, దాంట్లోంచి బ్యానరు గుడ్డ కూడా కొనొద్దు. కంపెనీ చట్టం ఏడో షెడ్యూలులో తాగునీరు ఉంది, కలెక్టరేట్ ముందు బైఠాయింపు లేదు.

#14 కొత్త_కార్యదర్శి
చాలా స్పష్టత వచ్చింది. ఇంకో రెండు. పోలీసు అనుమతి ఎలా? ఎన్నికల ముందు అభ్యర్థులను ప్రశ్నించొచ్చా? మా కుర్రాళ్ళు ఒక కరపత్రం రాశారు: "పాతికేళ్ళుగా విషం తాగించిన నాయకుణ్ణి ఈసారి ఇంటికి పంపిద్దాం. నీళ్ళివ్వని వాళ్ళకు ఓటు లేదు."

#15 బారు_రూము
ఆ కరపత్రం అచ్చుకు పంపకండి. "నాయకుణ్ణి" అని ఏకవచనంలో రాశారు, ఊళ్ళో అందరికీ అదెవరో తెలుసు. పార్టీ రాజకీయం కిందకు నేరుగా తీసుకెళ్ళే వాక్యం అదే. "నీళ్ళివ్వని వాళ్ళు" అన్నా అధికారంలో ఉన్నవాళ్ళే అవుతారు. అవతలి అభ్యర్థికి ప్రచారం అనిపిస్తే, అతని రాతపూర్వక అనుమతి లేకుండా పెట్టిన ఖర్చు భారతీయ న్యాయ సంహిత 176 కింద నేరం. 10,000 దాకా జరిమానా.

ఇలా మార్చండి: "మా ఊళ్ళో పోయిన ఏడాది నల్లా ఎన్ని రోజులు ఆగింది? ఆగిన రోజు ప్రత్యామ్నాయం ఏమిటి? పోటీచేస్తున్న అభ్యర్థులందరూ రాతపూర్వకంగా చెప్పాలి." ప్రశ్నలు అందరికీ ఒకే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వచ్చిన జవాబులు ఒక్క అక్షరం మార్చకుండా, మార్కులు వేయకుండా అచ్చేయండి. జవాబివ్వని వాళ్ళ పేరు పక్కన "సమాధానం రాలేదు" అంతే. ముఖాముఖి పెడితే అందరినీ పిలవండి, పిలిచినట్టు రుజువు ఉంచండి. ఎన్నికల కరపత్రమైతే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ ప్రకారం ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు తప్పనిసరి.

అనుమతి: మన జిల్లాల్లో సెక్షన్ 30 పోలీస్ యాక్ట్ (సభలకు, ఊరేగింపులకు పోలీసు అనుమతి ఉండాలనేది) ఏడాదిలో సగం రోజులు అమల్లోనే ఉంటుంది. డీఎస్పీ పేర దరఖాస్తు ఇవ్వండి. తేదీ, సమయం, దారి, ఎంతమంది, వాలంటీర్లెవరు, బాధ్యుల ఫోన్లు, మైకు ఎన్ని గంటలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు కుదరదు. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవడం మరవొద్దు. నోటిమాటగా "చూద్దాం" అంటే రిట్ వేయడానికి ఆ ముద్రే ఆధారం. హైదరాబాదు ఇందిరాపార్కు ధర్నాచౌక్ 2017లో మూసేస్తే 2018లో హైకోర్టు తెరిపించింది. అడిగే హక్కు ఉంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది ప్రభుత్వం క్రమబద్ధం చేయొచ్చు. రాస్తారోకో జోలికి వెళ్ళకండి. కేసు పడేది సంస్థ మీద కాదు, మీ మీద. ఎఫ్‌సీ ఫారాల్లో బాధ్యుల మీద కేసుల వివరాలు అడుగుతారు.

#16 పెన్నా_ఒడ్డు
మీ జిల్లాలోనే 1996లో ఏం జరిగిందో కుర్రాళ్ళకు చెప్పండి. ఫ్లోరైడ్ గోడు దేశానికి వినపడాలని నల్లగొండ లోక్‌సభకు వందలమంది పోటీకి దిగారు, మొత్తం అభ్యర్థులు 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. జల సాధన సమితి చేసిన పని అది. డిపాజిట్టు అప్పుడు 500. ఆ ఎన్నికల తర్వాత అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్టు 10,000 చేశారు.

#17 బారు_రూము
గొప్ప ఎత్తుగడే, కానీ ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సొసైటీ అనుకరించాల్సింది కాదు. అభ్యర్థిగా నిలబడ్డ మనిషి సెక్షన్ 3 కిందకు వస్తాడు, సొసైటీ డబ్బుతో డిపాజిట్టు కడితే అంతకంటే తేలికైన కేసు ఎవరికీ దొరకదు. అందుకే నేను చెప్పేదేమంటే, ఉద్యమానికి వేరే వేదిక ఉండాలి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ సమాచార హక్కు కోసం పోరాడింది విదేశీ విరాళాల మీద ఆధారపడకుండానే. మీ సొసైటీ నీటి పరీక్షలు, లెక్కలు, నివేదికలు చూసుకోనివ్వండి. పాదయాత్రకు ఊళ్ళ వాళ్ళే ఒక సమితిగా ఏర్పడి, చందాలు వాళ్ళే వేసుకోవాలి.

#18 మన్యంగాలి
సగమే ఒప్పుకుంటాను తమ్ముడూ. వేరే వేదిక అన్నది లెక్కలకు మంచిదే. కానీ సొసైటీ మొహం చాటేస్తే, నివేదిక ఇచ్చినవాడే పక్కన లేడేమని ఊరు అడుగుతుంది. కార్యదర్శి గారు నివేదిక పట్టుకుని అక్కడ కూర్చోవాలి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.0 మిల్లీగ్రాముల లోపు ఉండాల్సిన చోట, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవాల్సిన చోట, ఏ బోరులో ఎంత వచ్చిందో మైకులో ఊరి పేరుతో సహా చదవాలి. దానికి ఏ చట్టం అడ్డు?

#19 లెక్కల_పద్దు
అడ్డు లేదు. ఒక్కటే, ఆ రోజు సొసైటీ జీపులో వెళ్ళకండి. జీపు విదేశీ విరాళంతో కొన్నదయితే లాగ్‌బుక్కులో "కలెక్టరేట్, ధర్నా" అని రాయాల్సివస్తుంది. రాయకపోతే డీజిలు బిల్లుకు, కిలోమీటర్లకు పొంతన కుదరదు. బస్సెక్కి టిక్కెట్టు దాచుకోండి.

#20 కొత్త_కార్యదర్శి
అలాగే సార్. గ్రామసభ తీర్మానాలు ముందు, ఆశయాల సవరణ ఆ వెంటనే, పాదయాత్ర తర్వాత. రసీదు పుస్తకం రెండు గళ్ళతో కొత్తది అచ్చేయిస్తున్నాం. కరపత్రం మార్చిన ప్రతి రేపు ఇక్కడ పెడతాను, ఒకసారి చూడండి.